మా ఇంటి పరాయి మనిషికి వకీలెవరు?

2019 జనవరి ఆఖర్న అమెరికాలో మన పిల్లల్ని పట్టుకున్నారు. మిషిగన్ రాష్ట్రంలో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అని ఒకటుండేది. పాఠాల్లేవు, పంతుళ్ళు లేరు. చదువు పేరు చెప్పి వీసా నిలబెట్టుకునేవాళ్ళని పట్టడానికి వాళ్ళ హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖే తగిలించిన ఉత్తుత్తి బోర్డు అది. 130 మంది విద్యార్థుల్ని అరెస్టు చేస్తే అందులో 129 మంది భారతీయులు, వాళ్ళలోనూ ఎక్కువమంది తెలుగువాళ్ళు. ఆ వారమంతా తెలుగు పత్రికలకి వాళ్ళు 'మన పిల్లలు'. మన రాయబార కార్యాలయం రాత్రీ పగలూ పలికే ఫోన్లు పెట్టింది. ఫిబ్రవరి 2న మన విదేశాంగ శాఖ ఢిల్లీలో అమెరికా రాయబార కార్యాలయానికి నిరసన పత్రం ఇచ్చింది. అక్కడి తెలుగు సంఘాలు వకీళ్ళని వెతికి పెట్టాయి. బాగానే చేశారు. ఇంకా చెయ్యాల్సింది. జైల్లో ఉన్న పిల్లవాడికి, ఇక్కడ ఇల్లు తాకట్టు పెట్టి పంపిన తల్లికి అంతకన్నా కావలసింది ఏముంది?

అదే కన్ను ఇటు తిప్పమంటున్నాం. మన గడ్డమీద పౌరసత్వం లేని మనిషిని పోలీసులు పట్టుకుంటే, ఆ మనిషి పేరు ముస్లిం పేరయితే, అప్పుడేమంటున్నాం? అక్కడ వీసా గడువు దాటితే అమాయకత్వం, ఇక్కడ దాటితే కుట్ర. అక్కడి ఏజెంటు మోసగాడు, ఇక్కడి ఏజెంటు ఉగ్రవాది. అక్కడ వకీలు దేవుడు, ఇక్కడ వకాల్తా పుచ్చుకున్నవాడు దేశద్రోహి. ఇరవై ఏళ్ళుగా ఉర్దూలోనూ తెలుగులోనూ వార్తలు రాసి బతుకుతున్నవాళ్ళం. ఒకే అరెస్టు రెండు భాషల్లో రెండు వార్తలవడం మా చేతులమీదుగానే చూశాం. ఉర్దూ పేజీలో ఆ మనిషి 'మాసూమ్', తెలుగు పేజీలో 'అనుమానిత విదేశీయుడు'. రెండింటిలోనూ రానిది ఒక్కటే: ఆ మనిషికి వకీలు దొరికాడా లేదా అన్నది.

మేం నెమలి వాళ్ళం. గంపలగూడెం మండలం, తిరువూరు మా బస్తీ. నిన్నటిదాకా కృష్ణా జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి ఎన్టీఆర్ జిల్లా. మా ఊరు బయటివాళ్ళకి వేణుగోపాలస్వామి గుడితోనే గుర్తు. మేం కూడా ఎవరన్నా అడిగితే "గుడి ఉంది చూడండి, ఆ నెమలి" అనే చెప్తాం. కాస్త దూరం పోతే ఖమ్మం జిల్లా. 2014 జూన్ 2న మా చుట్టాల్లో సగంమంది ఇంకో రాష్ట్రం వాళ్ళయిపోయారు. ఎవరూ ఎవరినీ వీసా అడగలేదు, పెళ్ళి సంబంధాలు ఆగలేదు. రాష్ట్రం గీతకీ దేశం గీతకీ తేడా ఉంటుందని మాకు తెలుసు. కానీ గీత ఏదైనా దాని మీద పడి నలిగేది ఇళ్ళేనని కూడా తెలుసు.

ఉర్దూలో పరదేశీకి 'గైర్ ముల్కీ' అంటాం. ఈ మాట తెలుగువాళ్ళకి కొత్తదేం కాదు. 1952లో హైదరాబాదు వీధుల్లో 'గైర్ ముల్కీ గో బ్యాక్' అని అరిచింది మమ్మల్నే, అంటే మా కోస్తా వాళ్ళనే. అందులో సాయిబులూ ఉన్నారు, చౌదరులూ ఉన్నారు, బ్రాహ్మలూ ఉన్నారు. 1972లో ముల్కీ నిబంధనలు చెల్లుతాయని సుప్రీంకోర్టు అంటే కోస్తా అంతా జై ఆంధ్ర అని భగ్గుమంది. పరాయివాళ్ళన్నందుకు అంత రోషపడ్డ జాతి, పరాయివాళ్ళుగా బతకడంలో ఉండే అవమానం ఏమిటో బాగా ఎరిగిన జాతి, ఇవాళ ఇంకొకరిని పరాయి అనడానికి ఇంత తొందరెందుకు పడుతోందో మాకు అంతుబట్టదు.

ఇక మా ఇంటి సంగతి. మా ఖాలా కొడుకు కువైట్‌లో ఒక షేక్ ఇంట్లో డ్రైవరు. అదే ఇంట్లో వంటపని చేసే శ్రీలంక ముస్లిం అమ్మాయితో నిఖా అయింది. 2015లో ఇద్దరూ ఊరొచ్చారు. ఆమె టూరిస్టు వీసా మీద వచ్చింది. భారతీయుడి భార్యకి వేరే వీసా ఉంటుందని, జిల్లా ఎస్పీ కార్యాలయంలో విదేశీయుల రిజిస్ట్రేషన్ చూసే విభాగం ఉంటుందని వాడికి తెలీదు. చెప్పాల్సిన ట్రావెల్ ఏజెంటు డబ్బు తీసుకుని మూడు నెలలకోసారి 'పని జరుగుతోంది' అన్నాడు. గడువు దాటిపోయింది. 2017లో కొడుకు పుట్టాడు. 2018 వానాకాలంలో ఎవరో ఫిర్యాదు చేశారు, పాకిస్తాన్ ఆడమనిషి ఉందని. ఆమె పాకిస్తాన్ మొహం ఎరగదు. అరవం మాట్లాడుతుంది. కానీ బురఖా వేసుకుని అర్థంకాని భాష మాట్లాడితే అది పాకిస్తాన్ భాషే అయి ఉండాలి కదా!

రాత్రి తొమ్మిది దాటాక వచ్చి తీసుకెళ్ళారు. పొద్దుగూకిన తర్వాత ఆడమనిషిని అరెస్టు చెయ్యకూడదని, తప్పనిసరైతే మహిళా పోలీసు అధికారే మేజిస్ట్రేటు అనుమతి ముందుగా రాయించుకుని చెయ్యాలని 2005 నుంచీ చట్టంలో ఉంది. స్టేషన్‌లో ఈ ముక్క అంటే "ఫారినర్‌కి ఇవన్నీ ఉండవండీ" అన్నారు. ఈ ఒక్క వాక్యం కోసమే ఈ వ్యాసం రాస్తున్నాం. ఎందుకంటే ఆ మాట పోలీసుల ఒక్కరిదే కాదు. వకీళ్ళదీ అదే, చదువుకున్న మిత్రులదీ అదే, మా జమాతు పెద్దలదీ అదే.

ఉండవా? రాజ్యాంగం తెరిచి చూడండి. ఓటు, ఉద్యోగం, మాట్లాడే స్వేచ్ఛ, దేశంలో ఎక్కడైనా నివసించే స్వేచ్ఛ — ఇవి 'పౌరులకు' అని రాసుంది. 15, 16, 19 అధికరణాలు చూడండి. కానీ చట్టం ముందు సమానత్వం 'ఏ వ్యక్తికైనా' అని రాసుంది. ప్రాణమూ స్వేచ్ఛా 'ఏ వ్యక్తికైనా'. అరెస్టు చేస్తే కారణం చెప్పాలి, ఇష్టమైన వకీలుతో మాట్లాడనివ్వాలి, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి అనే 22వ అధికరణం కూడా 'అరెస్టయిన వ్యక్తికి' అనే రాసుంది. దానికి మినహాయింపు ఒకటుంది: శత్రుదేశపు పౌరుడికి, ముందస్తు నిర్బంధం కింద పట్టినవాడికి ఇది వర్తించదు. శ్రీలంక మనకి శత్రుదేశం ఎప్పుడయిందో మాకు తెలీదు. పౌరుడు అనే మాట ఎక్కడ పెట్టాలో, వ్యక్తి అనే మాట ఎక్కడ పెట్టాలో ఆ రాజ్యాంగం రాసినవాళ్ళు ఏమరుపాటున రాయలేదు. దేశం రెండు ముక్కలై లక్షలమంది అటూ ఇటూ పోతున్న రోజుల్లో, ఎవరు ఏ దేశం వాళ్ళో తెలియని రోజుల్లో కూర్చుని రాశారు.

సుప్రీంకోర్టు ఏమీ దాచలేదు. 1991లో లూయీ డి రేట్ అనే మిషనరీ కేసులో, విదేశీయుడికి ప్రాణ స్వేచ్ఛలున్నాయి గానీ ఇక్కడే నివసిస్తానని అడిగే హక్కు లేదంది. 1996లో చక్మా శరణార్థుల కేసులో, పౌరుడైనా కాకపోయినా ప్రతి మనిషి ప్రాణాన్నీ కాపాడాల్సింది రాజ్యమేనంది. 2021లో రోహింగ్యాల కేసులో పంపెయ్యడాన్ని ఆపనన్నది, కానీ పద్ధతి ప్రకారమే పంపాలన్నది. ఆ తీర్పు మాకు నచ్చలేదు, అయినా అందులో ఉన్న గీత స్పష్టమే. ఉండే హక్కు వేరు, న్యాయంగా విచారించబడే హక్కు వేరు. మొదటిది ప్రభుత్వం కాదనొచ్చు. రెండోది కాదనడానికి లేదు. మనవాళ్ళు ఈ రెంటినీ కలగలిపి, 'ఉండే హక్కే లేనిదానికి వకీలెందుకు' అంటున్నారు. మేం అడిగింది ఆమెని ఇక్కడ ఉంచెయ్యమని కాదు. ఆమెని తీసుకెళ్ళిన పద్ధతి గురించి అడిగాం.

ఆ రాత్రి ఎఫ్.ఐ.ఆర్. తెలుగులో రాశారు. ఆమెకి తెలుగు 'అన్నం', 'నీళ్ళు', 'బాబు' దాకా వచ్చు. వేలిముద్ర వెయ్యమన్నారు, వేసింది. తిరువూరులో అరవం వచ్చిన మనిషి కోసం తిరిగి తిరిగి, సేలం నుంచి వచ్చిన ఒక లారీ డ్రైవరుని బతిమాలి స్టేషనుకి తీసుకెళ్ళాం. తన మీద కేసు ఏమిటో ఆమెకి మొదట చెప్పింది ఆ లారీ డ్రైవరే. అరెస్టు కారణాలు రాతమూలకంగా, ఆ మనిషికి అర్థమయ్యే భాషలో ఇవ్వాలని సుప్రీంకోర్టు 2025 నవంబరులో అన్ని నేరాలకూ వర్తించేలా చెప్పింది. ఏడేళ్ళు ముందు చెప్పి ఉంటే ఆ డ్రైవరుకి ఒక ట్రిప్పు కిరాయి మిగిలేది.

వకీలు దగ్గరికి పోతే మొదటాయన ఫారినర్స్ యాక్టు అనగానే ఫైలు ముట్టలేదు. రెండో ఆయన లక్ష అడిగాడు. మూడో ఆయన మా మీద ఉన్న అభిమానంతోనే, "మీరు జర్నలిస్టులు, మీకెందుకండీ ఈ మచ్చ" అన్నాడు. మచ్చ! ఈ మాట మాకు పుట్టినప్పట్నుంచీ అలవాటే. 2008లో ముంబయి దాడుల తర్వాత కసబ్‌కి ఎవరూ వకాల్తా పుచ్చుకోకూడదని గొడవ జరిగింది. అదే కసబ్ కేసులో 2012 ఆగస్టు 29న ఉరిశిక్ష ఖాయం చేస్తూనే సుప్రీంకోర్టు ఏమన్నదో చదివినవాళ్ళు తక్కువ. అరెస్టయిన ప్రతి మనిషికీ మొదటిసారి మేజిస్ట్రేటు ముందుకి తెచ్చినప్పుడే వకీలు హక్కు ఉందని చెప్పడం, పెట్టుకోలేకపోతే ప్రభుత్వ ఖర్చుతో పెట్టడం మేజిస్ట్రేటు విధి అంది. కసబ్‌కే ఉన్న హక్కు మా ఖాలా కోడలికి లేదా? 2010 డిసెంబరులో తమిళనాడు కేసొకటి, మహమ్మద్ రఫీ కేసు, వచ్చినప్పుడు ఫలానా నిందితుడి తరపున వాదించం అని బార్ అసోసియేషన్లు చేసే తీర్మానాలు చెల్లవని, రాజ్యాంగ విరుద్ధమని అదే కోర్టు కుండబద్దలు కొట్టింది. తీర్మానాలు తగ్గాయో లేదో గానీ, తీర్మానం అవసరం లేని భయం ఒకటి పెరిగింది. దాన్ని ఏ కోర్టు కొట్టేస్తుంది?

చివరికి న్యాయసేవాధికార సంస్థ ప్యానెల్‌లో ఉన్న ఒక కుర్ర లాయరమ్మ వచ్చింది. 1987 నాటి న్యాయసేవల చట్టం, 1995 నవంబరు 9 నుంచి అమల్లో ఉన్నది, ఉచితంగా వకీలు ఎవరికివ్వాలో చెప్తూ ఎస్సీ ఎస్టీలతో పాటు స్త్రీలు, పిల్లలు, కస్టడీలో ఉన్న వ్యక్తులు అని రాసింది. పౌరులైతేనే అని రాయలేదు. ఆడమనిషి, పైగా కస్టడీలో ఉన్న మనిషి. ఆదాయం సర్టిఫికెట్ కూడా అక్కర్లేదు. ఈ సంగతి ముందే తెలిసి ఉంటే లక్ష అడిగిన ఆయన గుమ్మం ఎక్కే పనే లేదు. 15100 అనే నంబరు ఒకటుంది, దేశంలో ఎక్కడ్నుంచైనా న్యాయ సహాయం కోసం చెయ్యొచ్చు. మసీదు గోడల మీద దావత్‌ల పోస్టర్లు అంటిస్తున్నాం, ఈ నంబరు ఎందుకు రాయం?

ఆ లాయరమ్మ చేసిన మొదటి పని చెన్నైలో ఉన్న శ్రీలంక డిప్యూటీ హైకమిషన్‌కి కబురు పెట్టడం. 1963 నాటి వియన్నా ఒప్పందం 36వ అధికరణం ప్రకారం అరెస్టయిన విదేశీయుడికి నీ దేశపు కాన్సులేటుకి చెప్పమంటావా అని అడగాల్సింది అరెస్టు చేసిన వాళ్ళే. ఇదే 36వ అధికరణం పట్టుకునే మన దేశం కులభూషణ్ జాదవ్ కోసం పాకిస్తాన్‌ని హేగ్ అంతర్జాతీయ న్యాయస్థానానికి ఈడ్చింది. 2019 జూలై 17న 15 మంది జడ్జీలు ఒకవైపు, ఒక్కరు ఒకవైపు. మనమే గెలిచాం. దేశమంతా మిఠాయిలు పంచుకుంది. మిఠాయి తిన్నవాళ్ళలో ఎంతమందికి ఆ అధికరణం మన స్టేషన్లకీ వర్తిస్తుందని తెలుసు? ఒక జాగ్రత్త ఇక్కడే చెప్పాలి. కబురు ఆ మనిషి ఒప్పుకుంటేనే పెట్టాలి. హైదరాబాదు బాలాపూర్‌లో గుడిసెల్లో ఉన్న రోహింగ్యా మనిషి గురించి బర్మా రాయబారికి చెప్పడం అంటే, ఏ పులి నోట్లోంచి పారిపోయి వచ్చాడో ఆ పులికి చిరునామా ఇవ్వడమే.

బెయిలొచ్చింది. అసలు కథ అక్కడ మొదలయింది. ఇద్దరు జామీనుదారులు కావాలన్నారు, పట్టాదారు పాసుపుస్తకాలున్న వాళ్ళు. మా వాళ్ళ ఇళ్ళన్నీ తిరిగాం. చాయ్ ఇచ్చారు, ఏడ్చారు, దువా చేస్తామన్నారు. పాసుపుస్తకం మాత్రం బీరువాలోంచి బయటికి రాలేదు. ఒకాయన తలుపేసి మెల్లగా, "రేపు మా పిల్లాడి పాస్‌పోర్టు ఎంక్వైరీకి ఇదే పోలీసులు వస్తారు భాయ్" అన్నాడు. ఆయన్ని తిట్టడం తేలిక. 2007లో మక్కా మసీదు పేలుళ్ళ తర్వాత హైదరాబాదులో పట్టుకెళ్ళిన కుర్రాళ్ళ గతి చూసినవాడు ఆయన. హింసలు పెట్టారు, కేసులు నిలబడలేదు, 2012లో ప్రభుత్వం పరిహారం ఇచ్చింది, 2013లో హైకోర్టు ఆ పరిహారాన్నీ కొట్టేసింది. నిర్దోషి అని తేలినవాళ్ళకే అంత అయితే జామీను పడ్డవాడికి ఏమవుతుందోనని ఆయన లెక్క. భయం ఉత్తినే పుట్టలేదు.

అయినా మేం ఊరుకోం. మా జమాతు మీద మాకున్న కోపం మా కోపమే, దాన్ని హిందూత్వ వాళ్ళ చేతికి అప్పగించం, అలాగని దాచుకోం. జామీను ఇవ్వని జమాతు, అదే నెలలో ఉర్సుకి చందాలు ఎత్తింది. జకాత్ ఎవరెవరికి ఇవ్వొచ్చో ఖురాన్ చెప్పిన ఎనిమిది పద్దుల్లో బాటసారి ఉన్నాడు, బందీ విడుదల ఉంది. ప్రతి రంజాన్‌లో తఖ్రీర్‌లో వింటాం. బందీ అంటే ఎప్పుడో అరబ్బు ఎడారిలో ఉండేవాడని, బాటసారి అంటే ఒంటె మీద వచ్చేవాడని అనుకుంటున్నారా మౌల్వీ సాబ్? పరదేశం నుంచి వచ్చి ఇరుక్కున్న ఆడకూతురు రెండు పద్దుల్లోనూ పడుతుంది. వక్ఫ్ భూముల మీద కోర్టుల చుట్టూ తిరిగే ముతవల్లీలకి వకీళ్ళు దొరుకుతారు. ఆ వకీళ్ళలో ఒక్కరికి నెలకో కేసు ఇవ్వమని చెప్పే నోరు ఎవరికీ లేదు.

జామీను పడ్డవాళ్ళలో ఒకరు మా మామూ. ఇంకొకరు మా ఖాలా ఇంటి పక్క యాదవుల పెద్దాయన. ఎకరంన్నర మెట్ట చేను ఆయనది. ఏటా స్వామి కల్యాణానికి పనులు చేసే మనిషి. "ఆ పిల్ల మా ఇంట్లో మజ్జిగ పోసుకెళ్ళేది, పారిపోతే పోనీ" అన్నాడు. దీన్ని మతసామరస్యం కింద జమకట్టి సెక్యులర్ మిత్రులు సంబరపడతారని తెలుసు. వద్దు. ఒక పెద్దాయన మంచితనం మీద ఒక ఆడమనిషి స్వేచ్ఛ ఆధారపడాల్సి రావడం సామరస్యం కాదు, వ్యవస్థ లేకపోవడం. ఆయన లేకపోతే?

బయటికొచ్చిన తర్వాత, "తప్పు ఒప్పుకోండి, జరిమానాతో పోతుంది, వారంలో తేలిపోతుంది" అని ఒత్తిడి మొదలయింది. లాయరమ్మ వద్దంది. నేరం ఒప్పుకుంటే కేసు తేలుతుంది గానీ ఆమె పేరు నల్లజాబితాకి ఎక్కుతుంది, మళ్ళీ రానివ్వరు, భార్య వీసాకి అర్జీ పెట్టుకునే దారి మూసుకుపోతుంది అంది. అమెరికాలో సుప్రీంకోర్టు 2010లో పాడియా అనే మనిషి కేసులో ఇదే చెప్పింది. పౌరసత్వం లేని ముద్దాయికి, నేరం ఒప్పుకుంటే దేశం నుంచి పంపేస్తారన్న సంగతి వకీలు చెప్పి తీరాలి, చెప్పకపోతే అది వకీలు లేనట్టే అని. మనకి ఆ లాయరమ్మ చెప్పింది. కానీ వాయిదాలకి తిరిగి తిరిగి, కువైట్ ఉద్యోగం పోయి, మా ఖాలా కొడుకు అలిసిపోయాడు. ఒప్పుకున్నారు.

అప్పుడు బయటపడింది పిల్లాడి సంగతి. తండ్రి నెమలి, తాత నెమలి, పుట్టింది ఇక్కడి ఆస్పత్రిలో. అయినా వాడు భారతీయుడు కాడు. 2004 డిసెంబరు 3 తర్వాత ఇక్కడ పుట్టిన బిడ్డకి తల్లిదండ్రుల్లో ఒకరు పౌరులైతే చాలదు, రెండో మనిషి అక్రమ వలసదారు అయి ఉండకూడదు. వీసా గడువు దాటి ఉన్న మనిషి కూడా చట్టం లెక్కలో అక్రమ వలసదారే. తల్లి వీసా చెల్లుబాటులో ఉండగా పుట్టి ఉంటే వాడు ఇక్కడివాడే. గడువు దాటిన తర్వాత పుట్టాడు గనక కాదు. బిడ్డ దేశం తల్లి పాస్‌పోర్టు మీద ఒక రబ్బరు స్టాంపు తేదీలో ఉంది. ఆ బిడ్డని చెన్నైలో శ్రీలంక పౌరుడిగా నమోదు చేయించి తల్లితో పంపారు. ఇప్పుడు వాడికి తెలుగు రాదు. తండ్రి వీడియో కాల్‌లో అరవం నేర్చుకుంటున్నాడు.

దేశభక్తులు మమ్మల్ని అడుగుతారు: చట్టం కాకపోతే దేశం ఎలా నడుస్తుందండీ అని. చట్టమే అడుగుతున్నాం. 2025 సెప్టెంబరు 1 నుంచి 1946 నాటి విదేశీయుల చట్టం పోయి కొత్త ఇమ్మిగ్రేషన్, విదేశీయుల చట్టం వచ్చింది. గడువు దాటితే మూడేళ్ళ దాకా జైలు, మూడు లక్షల దాకా జరిమానా. హెడ్ కానిస్టేబులు వారంటు లేకుండా అరెస్టు చెయ్యొచ్చు. నేను విదేశీయుణ్ణి కాదని రుజువు చేసుకునే భారం పాత చట్టంలో లాగే పట్టుబడ్డవాడిదే. సరే, అందరికీ ఒకటే కదా అనుకుంటాం. అదే రోజు ఒక మినహాయింపు ఉత్తర్వు వచ్చింది. పాకిస్తాన్, బంగ్లాదేశ్, అఫ్గానిస్తాన్‌ల నుంచి 2024 డిసెంబరు 31 లోపు మతపరమైన వేధింపులకి భయపడి వచ్చిన హిందువులు, సిక్కులు, బౌద్ధులు, జైనులు, పార్సీలు, క్రైస్తవులకి పాస్‌పోర్టు లేకపోయినా, వీసా దాటినా ఫర్వాలేదని. వాళ్ళకి ఇవ్వడం మాకు సంతోషమే. అఫ్గానిస్తాన్ నుంచి పారిపోయి వచ్చిన హజారా మనిషి పేరు అందులో ఎందుకు లేదు? పాకిస్తాన్‌లో నమాజు చేసుకున్నందుకు జైలుకి పోయే అహ్మదీ పేరు ఎందుకు లేదు? ఒకే తప్పు, ఒకే గడువు. నేరమా కాదా అన్నది మతాన్ని బట్టి తేలుతోంది.

రుజువు భారం గురించి 2024 జూలైలో సుప్రీంకోర్టు అస్సాం మనిషి రహీమ్ అలీ కేసులో ఒక మంచి మాట చెప్పింది. ఆధారం ఏమీ చూపకుండా ఎవర్నిపడితే వాళ్ళని నువ్వు విదేశీయుడివి, కాదని రుజువు చేసుకో అనడానికి లేదని. ఆ తీర్పు వచ్చేసరికి రహీమ్ అలీ బతికి లేడు. తీర్పు వచ్చిన ఏడాదికి, 2025 జూన్‌లో, ఢిల్లీలో చెత్త ఏరుకునే బెంగాల్ బీర్‌భూమ్ జిల్లా గర్భిణిని బంగ్లాదేశీ అని సరిహద్దు అవతలికి నెట్టేశారు. కలకత్తా హైకోర్టు తీసుకురమ్మని, సుప్రీంకోర్టు అడిగి, డిసెంబరులో గానీ ఆమె తిరిగి రాలేదు. ఇలాంటివి చూశాకే అంటున్నాం, విదేశీయుడికి వకీలు లేని చోట పౌరుడికీ ఉండడు. నువ్వు ఎవరివో తేలేది వకీలు మాట్లాడిన తర్వాత కదా, ముందే ఎలా తేల్చేస్తావు?

ఈ రోగం కొత్తది కాదు. 1948 సెప్టెంబరులో పోలీసు యాక్షన్ తర్వాత హైదరాబాదులో అరబ్బుల్ని, పఠాన్లని, రోహిల్లాలని పట్టి నిర్బంధించారు. నిజాం కొలువులో సిపాయిలుగా హద్రమౌత్ నుంచి వచ్చినవాళ్ళు కొందరు. ఇక్కడే పుట్టి, దక్కనీ తల్లుల పాలు తాగి, అరబ్బు నేలని కలలో కూడా చూడనివాళ్ళు ఎందరో. వాళ్ళనీ 'స్వదేశం' పంపెయ్యాలని చూశారు. ఏది స్వదేశం? బార్కస్ గల్లీల్లో ఇవాళ్టికీ వాళ్ళ మనవళ్ళు జామకాయలమ్ముతున్నారు, హలీం వండుతున్నారు. తెలుగు చరిత్ర పుస్తకాల్లో రజాకార్లున్నారు, వీళ్ళు లేరు.

2025 ఏప్రిల్‌లో పహల్‌గామ్ హత్యల తర్వాత పాకిస్తానీల వీసాలు రద్దు చేశారు. హంతకుల మీద మా కోపం ఎవరి కోపానికీ తీసిపోదు. కానీ అట్టారి గేటు దగ్గర నిలబడ్డవాళ్ళెవరు? ఇటు పాస్‌పోర్టున్న తల్లులు, అటు పాస్‌పోర్టున్న పిల్లలు. సి.ఆర్.పి.ఎఫ్. జవాను భార్య ఒకామె గేటు దాకా వెళ్ళాక జమ్మూ కశ్మీర్ హైకోర్టు ఆపమంటే వెనక్కి వచ్చింది. ఆమెకి వకీలున్నాడు గనక వచ్చింది. ఆ జవాను ఉద్యోగం మాత్రం ఊడింది.

ఇక గల్ఫ్ సంగతి చెప్తే కడప వాళ్ళకి, గోదావరి జిల్లాల వాళ్ళకి, సిరిసిల్ల వాళ్ళకి వేరే వివరించక్కర్లేదు. విదేశీ జైళ్ళలో 10,152 మంది భారతీయులున్నారని 2025 మార్చిలో విదేశాంగ శాఖ రాజ్యసభకి చెప్పింది. సౌదీలోనే రెండున్నర వేల పైన, ఎమిరేట్స్‌లో ఇంకో రెండున్నర వేలు. సిరిసిల్ల ప్రాంతం కూలీలు అయిదుగురు నేపాలీ కాపలాదారు హత్య కేసులో దుబాయిలో 18 ఏళ్ళు జైల్లో ఉన్నారు. కేటీఆర్ నేపాల్ వెళ్ళి ఆ కుటుంబానికి రక్తపరిహారం ఇచ్చి, క్షమాపణ కాగితం తెచ్చి, దాన్ని అక్కడి కోర్టు ఒప్పుకునేదాకా తిరిగితే 2024 ఫిబ్రవరికి గానీ ఆఖరువాళ్ళు ఊరు చేరలేదు. శ్రీకాకుళం, విజయనగరం జాలర్లు 2018 నవంబరులో గుజరాత్ తీరాన పాకిస్తాన్ చేతికి చిక్కారు. 2020 జనవరిలో 20 మంది వాఘా దాటి వచ్చారు, సినిమా కూడా వచ్చింది. ఉత్తరప్రదేశ్ బాందా జిల్లా అమ్మాయిని అబుదాబిలో 2025 ఫిబ్రవరి 15న చంపేస్తే, ఆమె తండ్రికి ఆ సంగతి మార్చి 3న ఢిల్లీ హైకోర్టులో తెలిసింది. వీళ్ళందరికీ మనం ఏమడిగాం? దుబాసీని అడిగాం, వకీలుని అడిగాం, కాన్సులేటుని అడిగాం, ఇంటికి కబురు అడిగాం. ఇంతే కదా. తప్పు చెయ్యలేదని అందరి తరపునా ప్రమాణం చేశామా? ఎవరు చేశారో ఎవరు చెయ్యలేదో తేల్చడానికే అవి అడిగాం.

కాబట్టి మా ముస్లిం ఇళ్ళకి, మా తెలుగు మిత్రులకి కొన్ని మాటలు సూటిగా చెప్తాం, మర్యాదలు పక్కన పెట్టి. కోడలో అల్లుడో బయటి దేశం మనిషైతే వీసా తేదీ ఇంట్లో కేలండరు మీద రాసుకోండి. ఏజెంటుని నమ్మకండి, ఎస్పీ ఆఫీసుకి మీరే పోండి. నిఖానామా ఉర్దూలోనో అరబ్బీలోనో ఉంటే నోటరీ చేసిన ఇంగ్లీషు అనువాదం ఇప్పుడే పెట్టుకోండి, స్టేషన్‌లో కూర్చుని చేయించేది కాదు. పట్టుకెళ్తే ఏ స్టేషను, ఏ టైము, తీసుకెళ్ళిన అధికారి పేరు ఏమిటి రాసుకోండి. 24 గంటల లెక్క అక్కడ్నుంచే. కొత్త నాగరిక్ సురక్షా సంహితలో కారణాలు చెప్పడం 47లో ఉంది, ఇంటివాళ్ళకి కబురు 48లో ఉంది, విచారణ జరుగుతుండగా వకీలుని కలవడం 38లో ఉంది. నంబర్లు మారాయి గానీ హక్కు పోలేదు. అర్థంకాని కాగితం మీద, తెల్ల కాగితం మీద సంతకం వద్దు. వైద్య పరీక్ష అడగండి. ఇలాంటి కేసులో 60 రోజుల్లో చార్జిషీటు వెయ్యకపోతే బెయిలు అడుక్కునేది కాదు, హక్కు. కాన్సులేటు హామీపత్రం తెస్తేనే బెయిలు అని ఎవరన్నా అంటే, నైజీరియా మనిషి ఫ్రాంక్ వైటస్ కేసులో 2024 జూలైలో సుప్రీంకోర్టు ఆ షరతు కుదరదన్నదని చూపించండి. 'ఒప్పుకో, తేలిపోతుంది' అన్నవాడి మాట వినేముందు తేలిన తర్వాత ఎక్కడికి పంపుతారో అడగండి.

తిరువూరు కోర్టు ఆవరణలో వేపచెట్ల కింద కూర్చునే వకీళ్ళలో పదిమంది మాకు స్నేహితులే. సభల్లో మైనారిటీ హక్కుల మీద మాట్లాడతారు, మా కవితలకి చప్పట్లు కొడతారు. వాళ్ళని సభకి పిలవడం ఈ ఏడాది మానేస్తున్నాం. దానికి బదులు ఒక కాగితం తీసుకుని వస్తాం. విదేశీయుల చట్టం కింద పట్టుబడ్డ మనిషికి మొదటి వాయిదా రోజున ఫీజు లేకుండా వకాల్తా వేస్తామని అందులో రాసుంటుంది, కింద సంతకానికి చోటుంటుంది. ఇంకో కాగితం మా జమాతు పెద్దల కోసం: జామీనుకి పాసుపుస్తకం ఇచ్చేవాళ్ళు, కనీసం అయిదుగురు, పేరూ సర్వే నంబరూ. యాదవుల పెద్దాయన పోయి రెండేళ్ళయింది. ఆయన కొడుకు పేరు అందులో మొదటే రాసిపెట్టి ఉంది, తనే వచ్చి రాశాడు. మిగతా నాలుగూ మసీదు తరపునే నిండాలి. వచ్చే జుమ్మాకి ఆ కాగితం వజూఖానా దగ్గర బల్ల మీద ఉంటుంది, పెన్నుతో సహా.